రొద్దం పల్లెలో విప్పించిన తాడు

1961లో నేను పెనుకొండ తాలూకాలో హెల్త్ విజిటర్‌ని. ఇంటింటికీ తిరిగి గర్భిణులను, పసిపిల్లలను చూసి రిజిస్టర్‌లో రాయడం నా పని. రొద్దం దగ్గర ఒక పల్లెలో నరసమ్మ అనే బాలింతను చూడటానికి పోయాను. పశువుల కొట్టంలో ఆరేళ్ళ పిల్ల కనిపించింది. నడుముకు తాడు, దాని రెండో కొస గుంజకు. ఆముదం గింజలను వరసగా పేరుస్తోంది. పిలిస్తే తలెత్తలేదు. కడుపు మీద వాతల మచ్చలు.

"ఎవరు కట్టింది?" అన్నాను కటువుగా.

"నేనేనమ్మా," అంది నరసమ్మ. " మా పెద్దది, రత్న. మాట రాలేదు. ఇడిస్తే బాయి కాడికి ఉరుకుతాది. నీళ్ళు చూస్తా ఉండటం దానికిష్టం. ఆ బాయికి గోడ యాడుండాది? నేను కట్టెలకు పోవాల గదా."

"ఈ వాతలు?"

"గాలి సోకిందని మా అత్త పెట్టించింది."

తల్లీబిడ్డలను ధర్మవరంలో పేరున్న ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పిల్లను ముట్టుకోలేదు. చీటీ మీద 'ఇడియట్' అని రాశాడు. బుద్ధి ఎదగని పిల్లలకు అప్పట్లో వైద్యశాస్త్రం పెట్టిన పేరు అదే. పైగా నరసమ్మనే తిట్టాడు. "తల్లి దగ్గరికి తియ్యకపోతే పిల్లలు ఇట్లే మొద్దుబారిపోతారు."

"దగ్గరికి తీస్తే అరుస్తాది సామీ," అంది నరసమ్మ. "దూరంగా కూచోని పాడితే ఊరుకుంటాది. అట్లే చేస్తాండా."

ఆయన అప్పటికే ఇంకొకరిని పిలిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బిడ్డ గురించి ఆ గదిలో తెలిసిన మనిషి ఒక్కతే, ఆమెనెవరూ ఏమీ అడగలేదు. బస్సులో నేను అడిగాను. పిల్ల దేనికి బెదురుతుందో, దేనికి ఊరుకుంటుందో పెనుకొండ వచ్చేదాకా చెబుతూనే ఉంది.

ఊరి పెద్దరెడ్డి దగ్గరికి వెళ్ళి బావికి గోడ కట్టించమన్నాను.

"పిచ్చిదాని కోసం గోడ కట్టాల్నా? తాడు చాలదా?" అన్నాడు వక్క నములుతూ.

వేరే దారి వెతికాను. అది మెట్ల బావి. జనం కాళ్ళు ముంచి తాగునీళ్ళు తోడుకుంటారు, కాళ్ళలోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే నారికురుపు జబ్బు అంటుకునేది అట్లాంటి నీళ్ళతోనే. అలాంటి బావుల గురించి పై అధికారులకు రాయడానికి మాకొక ఫారం ఉండేది. నింపి పంపాను. జవాబు లేదు. మళ్ళీ పంపాను. నాలుగోసారికి మనుషులొచ్చి మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టారు.

తాడు నరసమ్మే విప్పింది. రత్న నేరుగా పోయి గోడ మీద గడ్డం ఆనించి నీళ్ళు చూస్తూ నిలబడింది. మాట రాలేదు. నాకు తెలిసినంతవరకు తరవాతా రాలేదు.

'ఆటిజం' అన్న మాట చాలా ఏళ్ళకు ఒక ట్రైనింగులో విన్నాను. ఆ పాఠంలో చెప్పినవన్నీ నరసమ్మ బస్సులో చెప్పినవే. ఆ తరవాత తల్లిని అడగకుండా ఏ బిడ్డ గురించీ రిజిస్టర్‌లో ఒక్క ముక్క రాయలేదు. కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. పురుగుకు ప్రభుత్వం దగ్గర ఫారం ఉండింది, పిల్లకు లేదు. ఒక బిడ్డను గుంజ నుంచి విప్పించడానికి నేను పురుగు పేరు చెప్పాల్సి వచ్చింది.