కత్తిరించిన గోలీలు

నాచారం పారిశ్రామికవాడ ఎదుట మందుల షాపులో పనిచేసే బిక్షపతి చేతిలో కత్తెర ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా కార్మికులు ముందు అతని దగ్గరికే వస్తారు. నిండు షీటు ఎవరికి కావాలి? నాలుగు గోలీలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. డాక్టరు చీటీ ఊసే ఉండదు. సేటు చూసీ చూడనట్టుంటాడు గానీ, షాపు పేరు బయటికొస్తే మాత్రం పనిలోంచి తీసేస్తానన్నాడు. ఎవరైనా "డాక్టర్ సాబ్" అంటే బిక్షపతి కాదనడు సరికదా, కాలరు సర్దుకుంటాడు.

అక్క శ్యామలమ్మకూ అలాగే ఇచ్చాడు. ప్యాకింగ్ పనిలో ఆమె మడమకు ఇనుప తీగ గుచ్చుకుంది. గోలీలు పడ్డాక పుండు పైకి ఎండింది. హమ్మయ్య అనుకునేలోపే వణుకుతో జ్వరం, మాట తడబాటు. ఉప్పల్‌లో ఆసుపత్రికి తీసుకెళ్తూ ఆటోలోనే ఆమె చెవిలో చెప్పాడు.

"అక్కా, గోలీల సంగతి ఎవ్వలకు జెప్పకు. నా కొలువు పోతది."

అమ్మ పోయాక తనను సాకిన అక్క. తలూపింది.

ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందేమోనన్నారు. రక్తం తీసి పరీక్షకు పంపి, పెద్ద ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. బిక్షపతికి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది. మెట్రో స్తంభాల కింద టీ కొన్నాడు, తాగకుండానే పారబోశాడు, మళ్లీ లోపలికొచ్చాడు. ఊరందరికీ మందులిచ్చే మొనగాడికి గోలీల సంగతి డాక్టర్లకు చెప్పే ధైర్యం రాలేదు.

మూడో రోజు డాక్టర్ చంద్రిక పిలిచింది.

"రక్తంలో ఏ బ్యాక్టీరియా పెరగలేదండీ. ఇంజెక్షన్లు ఆపేసి, వేరే జబ్బేమో చూద్దామనుకుంటున్నాం. ఇంట్లో ఏమైనా మాత్రలు వేసుకున్నారా? ఆమెనడిగితే లేదంటున్నారు."

ఇంజెక్షన్లు ఆపేస్తారనగానే బిక్షపతి ముందుకు జరిగాడు.

"ఏసుకుంది మేడం. నేనే ఇచ్చిన. మడిమెకు పుండైతే."

"ఏం మాత్రలు?"

పేరు గుర్తులేదు. అది షీటు మిగతా ముక్క మీద ఉండిపోయింది. ఆ ముక్క ఎవరి జేబులో పోయిందో! ఇక షాపుకు ఫోన్ చేసి సేటునే అడగాలి. అడిగాడు. బిక్షపతి చెప్పిన అరలోని డబ్బా చూసి సేటు పేరు చెప్పాడు, రేపటి నుంచి రావద్దనీ చెప్పాడు.

"అది యాంటీబయాటిక్! ఆ మాత్రలు పడ్డాక తీసిన రక్తంలో ఇంకేం పెరుగుతుంది!" అంటూ చంద్రిక లేచింది. ఇంజెక్షన్లు ఆపలేదు. మడమ కోసి చూస్తే లోపలంతా చీము. రక్తంలో దొరకని క్రిమి ఆ చీములో దొరికింది. దానికి తగిన మందు పడ్డాక జ్వరం దిగింది.

శ్యామలమ్మ కళ్లు తెరిచి తమ్ముణ్ణి దగ్గరికి పిలిచింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"తమ్మీ, మస్తు సార్లు అడిగిన్రు. నేనైతే జెప్పలే."

బిక్షపతి ఆమె మంచం పట్టుకుని ఏడ్చేశాడు.