మా వదిన బ్లాగులో చనిపోయిన మనిషి

మా వదినకు మరకలంటే ప్రాణం. డ్రై క్లీనింగ్ షాపులో కౌంటరు దగ్గర ఆమె పని. బట్ట చేతికి రాగానే వెలుతురుకు పట్టుకుని చూస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, గోటితో ఒకసారి గీకుతుంది. ఆ తర్వాతే బట్ట తెచ్చిన మనిషి మొహం చూస్తుంది. చాలామంది మొహాలు ఆమెకు గుర్తుండవు. ఇంకు కారిన జేబులూ, జిడ్డు పట్టిన కాలర్లూ మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటాయి.

గుర్తున్నవన్నీ భోజనాల దగ్గర చెప్పేది. రక్తం మరక మీద వేడినీళ్లు పోస్తే ఎలా పట్టుకుపోతుందో, కొవ్వొత్తి మైనం ఎందుకు గీకకూడదో వరసగా చెప్పుకొచ్చేది. మా అన్నయ్య బస్సు డిపోలో టైమ్‌కీపరు. మాటలు తక్కువ. కంచంలోకి చూస్తూ వినేవాడు. ఒకరోజు ఆమె వాంతి మరకల దగ్గరికి వచ్చేసరికి చేతిలో ముద్ద కింద పెట్టి, "ఇదంతా ఎక్కడైనా రాసుకోరాదూ?" అన్నాడు.

ఆయన ఉద్దేశం వేరు. వదిన దాన్ని ప్రోత్సాహంగా తీసుకుంది.

మర్నాడు నా గదికి వచ్చింది. నేను ప్రింటర్లు బాగుచేస్తాను. ప్రింటర్లు వచ్చినవాడికి కంప్యూటర్లూ, కంప్యూటర్లు వచ్చినవాడికి ఇంటర్నెట్టూ వచ్చి తీరతాయని మా ఇంట్లో నమ్మకం.

"మరిదీ, నాకో బ్లాగు పెట్టివ్వు," అంది.

"బ్లాగంటే ఏంటో తెలుసా వదినా?"

"మనం రాస్తాం, జనం చదువుతారు. అదేగా?"

"మనం రాయడం వరకూ గ్యారంటీ," అన్నాను.

ఆ రాయడం మొదలు కావడానికే చాలా రోజులు పట్టింది. ముందు రంగు కుదరాలంది. వంకాయ రంగు పేజీ మీద పసుపు అక్షరాలు కావాలంది. పై నుంచి పూలరేకులు రాలుతూ ఉండాలంది. రాలాయి. చదువుతున్న వాక్యం మీదే వచ్చి పడేవి. అది పక్కకు జరిగేదాకా ఆగి చదవాలి. "మరీ తొందరపడి చదివేవాళ్లు మనకెందుకు?" అంది వదిన.

పేరు దగ్గర ఇంకొన్నాళ్లు ఆగింది. చివరికి "నా అంతరంగం" అని పెట్టింది. మరకల గురించి కదా అన్నాను. ఒక్క మరకలకే కట్టుబడిపోతే ఎలాగంది. మొదటి పోస్టు పట్టుబట్ట మీద నూనె మరక గురించి. రెండోది స్నేహం గురించి. మూడోది నడుం నొప్పి. నాలుగోది ప్రపంచశాంతి. ప్రతి పోస్టూ "హాయ్ ఫ్రెండ్స్, ఎలా ఉన్నారు?" అని మొదలయ్యేది. ఎవరూ ఎలా ఉన్నదీ చెప్పేవారు కాదు.

పోస్టులకు బొమ్మలు కావాలి. ఎవరో తీసిన ఫొటో ఒకటి కనబడితే తెచ్చి పెట్టేసింది. తీగ మీద ఆరేసిన దుప్పట్ల వెనక నుంచి ఎండ పడుతున్న ఫొటో అది. కొన్నాళ్లకు ఫొటో తీసినాయన రాశాడు, తన అనుమతి లేకుండా వాడుకున్నారని. "మీ ఫొటో బాగుంది కాబట్టే పెట్టానండీ. బాగోకపోతే పెట్టేదాన్ని కాదు," అని వదిన జవాబిచ్చింది. ఆయన రెండో ఉత్తరం ఇంకాస్త పొడుగ్గా రాశాడు. ఫొటో తీసేసింది. తీసేసి, కళాకారులకు ఉండకూడని గుణాల మీద ఒక పోస్టు రాసింది.

చదివేవాళ్లు మా చుట్టాలే. రాసిన ప్రతిదీ కుటుంబం గ్రూపులో పెట్టి, ఎవరు చదవలేదో ఫోన్ చేసి కనుక్కునేది. మా మేనత్త, చిన్నాన్న, బాబాయి కోడలు అందరూ "సూపర్" అని రాసేవారు. నడుం నొప్పి పోస్టుకూ సూపర్ అనే. వ్యూల లెక్క మాత్రం బాగానే పెరుగుతోందని వదిన సంబరపడేది. నేను బ్లాగు లెక్కల్లోకి వెళ్లి చూస్తే ఎక్కువభాగం షాపు కంప్యూటర్ నుంచే వచ్చాయి. వ్యూలు పెరిగాయేమోనని తెరిచి చూసిన ప్రతిసారీ అవి పెరిగేవి. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అలా సాగుతుండగా ఆకుపచ్చ కోటు గురించి రాసింది.

షాపుకు రెండు వీధుల అవతల వాచీలు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. ఆయన అప్పుడప్పుడూ ఒక ఆడవాళ్ల కోటు తెచ్చి డ్రై క్లీనింగుకు ఇచ్చేవాడు. ముదురు ఆకుపచ్చ రంగు, పెద్ద గుండీలు. కోటు మీద మరకంటూ ఉండేది కాదు. చంకల్లో చెమట ఉండదు, మెడ దగ్గర నలుపు ఉండదు. ఎవరూ తొడుక్కోని కోటు. ఆయన ఏమీ మాట్లాడకుండా ఇచ్చేవాడు, శుభ్రం చేసి ఇస్తే చేతి మీద పసిపిల్లలా వేసుకుని వెళ్లేవాడు. మరకలేని బట్టను ఇన్నేళ్లుగా ఉతికిస్తున్న మనిషి వదిన మనసులో ఉండిపోయాడు.

ఆ పోస్టులో హాయ్ ఫ్రెండ్స్ లేదు. ఆ రోజు షాపులో రద్దీగా ఉండి తీరిక లేక నేరుగా కోటుతోనే మొదలుపెట్టింది. బాగా రాసింది. చివర్లో మాత్రం, "ఆ కోటు తొడుక్కునే మనిషి ఇక రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, కోటుకూ తెలుసు," అని ముగించింది. వీధి గుర్తు పట్టేలా వాచీల షాపు ముందున్న పెద్ద గడియారం గురించి కూడా రాసింది. అలా రాస్తే నిజంలా ఉంటుందని.

అది మా చుట్టాలను దాటిపోయింది. మా చిన్నాన్న ఎవరికో పంపాడు, వాళ్లు ఇంకెవరికో పంపారు. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి కామెంట్లు రాశారు. అందులో సూపర్ ఒక్కటీ లేదు. ఏడ్చామని రాశారు. షాపు యజమాని దాన్ని ప్రింటు తీయించి ధరల బోర్డు పక్కన అతికించాడు. వదిన కొత్త కళ్లజోడు పెట్టుకుంది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఒకావిడ కౌంటరు ముందుకు వచ్చి నిలబడింది. చేతిలో బట్టలేవీ లేవు.

"కోటు గురించి రాసింది మీరేనా?"

వెతుక్కుంటూ వచ్చిన మొదటి పాఠకురాలు. వదిన మొహం వెలిగిపోయింది. "నేనేనండీ. చదివారా?"

"చదివాను. నాతో పనిచేసేవాళ్లు పంపారు."

"ఎలా ఉంది?"

"బాగుంది. చివర్లో నాక్కూడా ఏడుపొచ్చింది." ఆవిడ ధరల బోర్డు పక్కన అతికించిన కాగితం వైపు చూసింది. "ఆ కోటు నేనెరుగుదును."

"అయ్యో. పోయినావిడ మీకేమవుతారు?"

"నేనే అవుతానండీ," అంది ఆవిడ.

వదిన కౌంటరు వెనక ఉన్న స్టూలు మీద కూర్చుంది. ఆవిడ నిలబడే మాట్లాడింది. వేరే ఊళ్లో గాజు ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడు వచ్చి నాలుగు రోజులుండి వెళ్లిపోతుంది. ఈసారి వచ్చేసరికి వీధి మలుపులో తాళాల షాపతను ఆవిడను చూసి చేతిలో తాళంచెవుల గుత్తి జారవిడిచాడట. ఇంటికి వెళితే గుమ్మం దగ్గర ఎవరో పెట్టి వెళ్లిన పూలగుత్తి ఉంది. భర్త షాపులో గిరాకీ పెరిగింది. చక్కగా తిరుగుతున్న వాచీలు కూడా తెచ్చి ఇచ్చి, ఆయన భుజం తట్టి వెళుతున్నారు. ఆయన బ్లాగులు చదివే మనిషి కాదు. తన మోకాలి నొప్పి గురించి పరామర్శిస్తున్నారనుకుని, "ఏం చేస్తాం, అలవాటైపోయింది," అని అందరికీ చెబుతూ వచ్చాడు. దాంతో అనుమానం ఉన్నవాళ్లకు కూడా నమ్మకం కుదిరింది.

"నేను పోయానని మీకెవరు చెప్పారు?" అని అడిగింది ఆవిడ.

"ఎవరూ చెప్పలేదండీ."

"మరి?"

"మీరెప్పుడూ కనబడలేదు," అంది వదిన.

"నేను కనబడనివాళ్లు ఈ లోకంలో చాలామంది ఉన్నారండీ. వాళ్లెవరూ నన్ను చంపలేదు."

వదిన తల దించుకుంది. అయినా ఉండబట్టలేక, "మరి ఆ కోటు ఎందుకు ఉతికిస్తున్నారండీ ఆయన?" అంది.

ఆవిడ కౌంటరు మీద రసీదుల పుస్తకాన్ని సరిగ్గా జరిపి పెట్టింది. "ఉతికిస్తున్నట్టు నాకూ తెలీదు. మీరు రాసింది చదివాకే అడిగాను. నేనెప్పుడొస్తానో చెప్పను కదా. షాపులో నూనె వాసన ఇల్లంతా పట్టేస్తుంది. ఎప్పుడొచ్చినా కోటు వాసన లేకుండా ఉండాలని ఇస్తున్నాడట. ఆ వాసనంటే పడదని పెళ్లైన కొత్తలో ఎప్పుడో అన్నాను. నేను మర్చిపోయాను."

"నేను రాసినదానికంటే ఇదే బాగుంది," అంది వదిన.

"ఒక్కమాట అడిగుంటే ఆయనే చెప్పేవాడు."

"ఇది రాయనా మరి?"

"రాయండి. కానీ ముందు నాకు చూపించండి."

వదిన ఆ సాయంత్రమే రాసి ఆవిడకు చూపించింది. ఆవిడ ఫ్యాక్టరీలో సరుకు పరీక్ష చేసే మనిషి. పగిలినదీ, బుడగ ఉన్నదీ ఏరి పక్కన పడేయడం అలవాటు. "హృదయవిదారకమైన" కొట్టేసింది. "కాలం చేసిన గాయం" కొట్టేసింది. వీధి గుర్తులు తీసేయించింది. సగమైంది. చదువుకుంటే వదినకే ఆశ్చర్యం వేసింది, ఏమీ పోయినట్టు లేదు.

జనానికి మాత్రం నచ్చలేదు. "మా కన్నీళ్లతో ఆడుకుంటారా?" అని ఒకరు రాశారు. "వ్యూల కోసం చచ్చినవాళ్లను కూడా బతికిస్తారన్నమాట," అని ఇంకొకరు. ఆయన రెండో పెళ్లి చేసుకుని ఆ సంగతి దాచిపెడుతున్నాడని మరొకరు తేల్చేశారు. వదిన పాత పోస్టు తీసేసింది. అది అప్పటికే ఆమె చేతిలో లేదు. ఎవరో ఆమె పేరు తీసేసి, కింద గులాబీ బొమ్మ పెట్టి పంచుతున్నారు. డిపోలో ఒక కండక్టరు దాన్ని మా అన్నయ్యకే చూపించి, "చదవండి సార్, గుండె తరుక్కుపోతుంది," అన్నాడట. అన్నయ్య మొత్తం చదివి, బాగుందని ఫోన్ తిరిగిచ్చేశాడు.

షాపు యజమాని గోడ మీది కాగితం చించేశాడు. గోడకు జిగురు మరక మిగిలింది. "అమ్మా, జనం మన దగ్గరికి మరకలు పోగొట్టుకోవడానికి వస్తారు. మనం కొత్తవి అంటించకూడదు," అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

ఆ తర్వాత వదిన రాయడం మానేసింది. భోజనాల దగ్గర కూడా నోరు విప్పేది కాదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. వాచీలాయన షాపు మీదుగా వెళ్లాల్సి వస్తుందని చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేది. ఒక రాత్రి అన్నయ్య రెండుసార్లు గొంతు సవరించుకుని, "ఇవాళేం మరకలొచ్చాయి?" అని అడిగాడు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆయన అలా అడగడం నేను వినలేదు. వదిన ఆయన మొహంలోకి చూసి, నెమ్మదిగా, "తారు," అంది. కాసేపటికి తారు గురించి పూర్తిగా చెప్పింది.

మర్నాడు ఆమె చేసిన మొదటి పని వాచీలాయన షాపుకు వెళ్లడం. క్షమించమని అడిగింది. ఆయనకు విషయం అర్థమయ్యేలా చెప్పడానికి మొదటి నుంచీ రావాల్సి వచ్చింది. అంతా విని, "అయితే మోకాలి గురించి ఎవరికీ తెలీదా?" అన్నాడు. కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే అనిపించిందట.

రెండో పని, పూలరేకులు తీసేయమని నాకు చెప్పడం. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు. పేరు "మరకలు". ఇప్పుడు మరకల గురించే రాస్తుంది. ఫొటోలు తనే తీస్తుంది. కొన్ని మసగ్గా ఉంటాయి, ఒకదాంట్లో ఆమె బొటనవేలు కూడా పడింది. చుట్టాలకు ఫోన్లు చేయడం మానేసింది. దాంతో చుట్టాలు చదవడం మానేశారు. బట్టలు తెచ్చినవాళ్ల సంగతి రాయాలనిపిస్తే ముందు అడుగుతుంది. వద్దంటే వదిలేస్తుంది. చాలామంది వద్దంటారు. చదివేవాళ్లు కొద్దిమందే. వాళ్లలో "కీర్తిశేషురాలు" అనే పేరుతో కామెంట్లు పెట్టే ఒకావిడ అచ్చుతప్పులు పట్టి పంపుతుంది.

ఈ మధ్య ఎక్కడో ఉన్న ఒక టైలరమ్మ రాసింది. వదిన చెప్పినట్టు చొక్కాకు అంటిన తుప్పు మరక మీద నిమ్మరసం పోస్తే మరక పోయిందట గానీ ముత్యపు చిప్ప గుండీల మెరుపు కూడా పోయిందట. వదిన ఇంతకుముందైతే ఏం రాసేదో నాకు తెలుసు. ఈసారి షాపు నుంచి పాత గుండీలు తెచ్చి, గిన్నెలో నిమ్మరసం పోసి, వాటిని నానబెట్టి కూర్చుంది. టైలరమ్మ చెప్పింది నిజమే. మర్నాటి పోస్టు "మొన్న నేను చెప్పింది తప్పు" అని మొదలైంది. పాడైన గుండీల ఫొటో పైనే పెట్టింది. కింద టైలరమ్మ, మీరు ఊరికే నొచ్చుకోకండి, ఆ చొక్కాకు నల్ల గుండీలు కుట్టేశాను, వాటితోనే బాగుందని రాసింది.