పై గడిలో బాటనీ

నిన్న సెలవు కదా అని నేనూ, మా చెల్లె పాతబస్తీలో హుస్సేనీ ఆలంలోని పుట్టింటికి వెళ్లాం. చెల్లె అంటే మా బాబాయి కూతురు. ఇద్దరం ఆ ఇంట్లోనే పుట్టి పెరిగాం. వెంట వచ్చిన దాని కూతురు ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టింది. ఏ సబ్జెక్టు ముందు కావాలో, ఏది తర్వాతో వరుసగా ఎంచుకోవాలట, ఫోన్ పట్టుకొని కూర్చుంది. మా బాపు, అంటే మా నాన్న, కిటికీ పక్కన కుర్చీలో కునుకు తీస్తున్నాడు. చాయ్ ఇస్తూ ఆ ఫోన్‌లోకి తొంగి చూశాను. పై గడి ఖాళీగా ఉంది. అది చూడగానే పాత అసూయ లేచింది. అసూయ అంటే కాస్త మర్యాదగా ఉంటుంది గానీ, మా ఇంట్లో దాన్ని కుళ్లు అంటారు. నాది అచ్చంగా అదే.

పత్తర్‌గట్టి బజారులో మాది చీర అంచుల దుకాణం. జరీ, గోటా, లేసు, చుట్టలు చుట్టలుగా గోడ నిండా ఉండేవి. కొత్త జరీకి ఒక వాసన ఉంటుంది, ఇప్పటికీ ఎక్కడ తగిలినా ఆగిపోతాను. బడి లేని రోజుల్లో గల్లా పక్కన స్టూలెక్కి కూర్చొని నేను నేర్చుకున్న అసలు చదువు ఒక్కటే: కావాల్సినదాని వైపు చూడకూడదు. బేరం తెలిసిన మనిషి మొదట అక్కర్లేని చుట్టలు విప్పించి, వాటికి వంకలు పెట్టి, లేచి వెళ్లబోతూ, మనసు పడ్డదాన్ని చివర్లో చులకనగా అడుగుతుంది. బాపు టోకు సరుకు కొనడానికి వెళ్లినా ఇదే పద్ధతి. ఈ విద్యలో నేను ఘనురాలిని. ఇంట్లో పెళ్లంటే మేనత్తలు నన్ను వెంటబెట్టుకునే బజారుకు బయల్దేరేవారు. చెల్లెకు మాత్రం అది అబ్బలేదు. గాజుల దుకాణంలో అడుగు పెట్టీ పెట్టకముందే నచ్చినవాటికి వేలు చూపించేది. దుకాణందారు ముఖం వెలిగిపోయేది. ఆ కథలు చెప్పుకొని ఇల్లంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

డిగ్రీ ఇద్దరం ఒకే కాలేజీలో చదివాం. నాకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. రంగులేని రెండు ద్రావణాలు కలిసీ కలవకముందే పసుపుపచ్చగా ముద్ద కట్టడం మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎమ్మెస్సీ చేయాలి, అదీ కెమిస్ట్రీలోనే, వేరే ఆలోచన లేదు. ప్రవేశ పరీక్షలో చెల్లె కంటే నాకే మంచి మార్కులు వచ్చాయి. ఇక యూనివర్సిటీ ఫారంలో సబ్జెక్టులు వరుసగా రాయడమే మిగిలింది. ఇంత పెద్ద వ్యవహారం బాపును అడగకుండా ఎట్లా చేస్తాం? బాపు ఫారం చేతిలోకి తీసుకొని, సరుకు చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"మనకు గావల్సింది ముందుగాల చెప్తే అవతలోడు బిగుస్తడు బిడ్డా. మీద బాటనీ రాయి. వాళ్లు గదే ఇయ్యవోతరు, నువ్వు వద్దంటవ్. గప్పుడు కెమిస్ట్రీ దిక్కు వస్తరు."

నాకది నూటికి నూరుపాళ్లు సబబుగా తోచింది. పై గడిలో బాటనీ, దాని కింద జువాలజీ, ఏదో పోనీలే అన్నట్టు అట్టడుగున కెమిస్ట్రీ రాశాను. చెల్లెకూ ఇదే చెప్పాం. అన్నీ విని, తలూపి, వెళ్లి పైన కెమిస్ట్రీ రాసుకొచ్చింది. ఇదేంటే అంటే, "నాకు గదే గావాలె గదా అక్కా" అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర దాన్ని ఎంత ఆటపట్టించామో.

సీట్లు వచ్చాయి. దానికి కెమిస్ట్రీ, నాకు బాటనీ. నేను కంగారు పడలేదు, బేరం ఇప్పుడే కదా మొదలు. ఆఫీసుకు వెళ్లి, బాటనీ నాకంత ఇష్టం లేదని పెదవి విరిచి, వద్దులెండి అని గుమ్మం వైపు నెమ్మదిగా నడిచాను. పత్తర్‌గట్టిలోనైతే గడప దాటకముందే వెనక్కి పిలుస్తారు. ఇక్కడ ఎవరూ పిలవలేదు. వరండాలో చాలాసేపు నిలబడి, నేనే మళ్లీ లోపలికి వెళ్లాను. గుమస్తా నా ఫారం తీసి చూపించాడు. "మీరడిగిందే ఇచ్చినం గదమ్మా. ఇగ లొల్లి ఏంది?"

ఇంటికొచ్చి ఏడిస్తే బాపు, "పోనీ తియ్, అది గూడ సదువే గదా" అని చెప్పులేసుకొని దుకాణానికి వెళ్లిపోయాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత చెల్లె, నేను ఒకే బస్సులో వెళ్లి ఒకే బస్సులో వచ్చేవాళ్లం. అది ల్యాబు కబుర్లు చెబుతుంటే నేను కిటికీలోంచి శాలిబండ దుకాణాల బోర్డులు చదువుకునేదాన్ని. డాబా మీద మా తెల్ల కోట్లు పక్కపక్కనే ఆరేవి. నా కోటు మీద ఆకుపసరు మరకలు. దాని కోటు జేబు పక్కన యాసిడ్ పడి ఒక చిల్లి. పిన్ని ఆ చిల్లికి అతుకు వేస్తానంటూ తిట్టిపోసేది. నేను ఎవరూ లేనప్పుడు అందులో వేలు పెట్టి చూసుకునేదాన్ని. చీరలకు, నగలకు కుళ్లుకునే ఆడవాళ్లను చూశాను గానీ, చిల్లికి కుళ్లుకున్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. తర్వాత బాటనీ లెక్చరర్‌నయ్యాను, పిల్లలు నా పాఠం బాగుంటుందనే అంటారు. మొక్కల మీద నాకు కోపమేమీ లేదు. అయినా చెల్లె తన ల్యాబు సంగతి ఎత్తితే ఇప్పటికీ వంటింట్లో నాకేదో పని గుర్తొస్తుంది.

నిన్న ఆ పిల్ల ఫోన్ మీంచి తలెత్తి, "మీద ఏం పెట్టాలె పెద్దమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే కిటికీ దగ్గర్నుంచి బాపు గొంతు వినిపించింది. నిద్రపోవడం లేదన్నమాట.

"ఏది గావాల్నో గదే మీద వెట్టు బిడ్డా. గీడ బేరం నడ్వది."

పిల్ల కెమిస్ట్రీ నొక్కేసి చాయ్ అందుకుంది. చెల్లె నా వైపు చూసింది. బాపు మాత్రం చూడలేదు, కిటికీ బయటికి తిరిగి కూర్చున్నాడు. పత్తర్‌గట్టి నుంచి మా ఇల్లు నడిచి వచ్చేంత దూరమే. ఆ ఒక్క మాట అక్కణ్నుంచి ఇంటికి చేరడానికి ఇన్నేళ్లు పట్టింది. చేరేసరికి ఆ గడి ముందు కూర్చున్నది నేను కాదు.