సీటు తట్టి చూసే మామ

మా మేనమామ బండెక్కే ముందు సీటును అరచేత్తో తట్టి చూసేవాడు. చలికాలంలోనూ అంతే. మా బస్తీ ఉప్పుగూడలో ఎవరైనా ఎందుకని అడిగితే ఆయనకు పండగే.

"మొట్టమొదటి మోటర్‌సైకిల్ జర్మనీల కట్టెతోని చేసిండ్రు. ఇంజన్ నడవాలని సీటు కిందనే మంట పెట్టిండ్రు. నడుపుతుంటే సీటు కాలింది. కనిపెట్టినోళ్లకే గట్లయితే మనమెంత?"

మా చెల్లెలి పెళ్లికి లక్క గాజులు కొనడానికి నన్ను లాడ్ బజార్‌కు తీసుకెళ్లాడు. సాయంత్రం పెళ్లికూతురిని చేసేటప్పుడు అవే తొడగాలి. గాజులు కొని బయటికొచ్చేసరికి ఎండ మండిపోతోంది. మామ సీటు తట్టాడు. చెయ్యి చురుక్కుమంది.

"జర సల్లారనీ. ఎవరన్న తెల్వక కూసుంటే కాల్తరు," అంటూ, ఎవరూ కూర్చోకుండా గాజుల పొట్లాన్ని ఆ సీటు మీదే పెట్టాడు. తర్వాత దుకాణం నీడలో నిలబడి గాజులాయనకు జర్మనీ కథ మొదలుపెట్టాడు. మామకు కథ క్లుప్తంగా చెప్పడం రాదు.

కథ అయ్యాక పొట్లం విప్పితే గాజులన్నీ ఒకే ముద్ద.

"మామా, ఇప్పుడు చెల్లెకు ఏం తొడుగుదాం?" అన్నాను. నాకు ఏడుపొక్కటే తక్కువ.

గాజులాయన నవ్వాపుకుని, "ఫికర్ చేయకమ్మా. లక్కనే గదా, మళ్ల కాకబెట్టి చేసిస్త," అని నిప్పుల కుంపటి ముందుకు లాగాడు.

గాజులాయన పీట మీద కూర్చోబోతుంటే మామ, "ఆగు భాయ్" అన్నాడు. వంగి, కుంపటి పక్కనున్న ఆ పీటను అరచేత్తో తట్టి చూశాడు.

"ఇగ కూసో."