జానెడు జీపు

మా ఆయన తునికాకు కాంట్రాక్టరు దగ్గర జీపు డ్రైవరు. భద్రాచలం పోయే రోడ్డు పక్కనే మా ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే ఆయన ఇంట్లో ఉండేది లేదు. అడవి పల్లెల్లో బీడీ ఆకు ఆరబెట్టే కల్లాల చుట్టూ తిరగడమే పని. ఎనభైలలో ఒక ఏడు, ఆకు పని ఇంకా ముగియకముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. నెల తిరిగేసరికి కాలు కదిలింది. మాట ముద్దగా వచ్చినా అర్థమయ్యేది. కుడి చెయ్యి మాత్రం పిట్టపిల్లను పట్టుకున్నట్టు మూసుకుపోయింది. అన్నం నేను కలిపి పెడితే ఎడమ చేత్తో చెంచా పట్టి, తల ఎత్తకుండా తినేవాడు.

కాంట్రాక్టరు చూడటానికి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "వచ్చే సీజను దాక వేరేటోన్ని పెట్టుకుంట. అప్పటికి నీ చెయ్యి తెరుచుకుంటే జీపు తాళం నీదే," అన్నాడు. ఆ మాట అననక్కరలేదు, అయినా అన్నాడు. అందుకు ఇప్పటికీ ఆయనకు దండం పెడతాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే లెక్క: మళ్ళీ ఆకు వచ్చేలోపు చెయ్యి తెరుచుకుంటుందా, లేదా.

దవాఖానాలో డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి, "దీన్ని పొద్దుమాపు పిసకాలె. చేతికి పని చెప్పకుంటే అది గిట్లనే మూసుకుని ఉంటది," అన్నాడు. ఆయన నాలుగు రోజులు పిసికాడు. ఐదో రోజు ఎడమ చేత్తో దాన్ని పెరట్లోకి విసిరేశాడు.

"మొగోడు బంతి పట్టుకుని కూసుంటే తొవ్వల పోయేటోళ్ళు ఏమనుకుంటరే?"

"చెయ్యి ముడుచుకుని కూసుంటే ఏమనుకుంటరో అడుగు పోయి," అన్నాను.

మాట కటువే. కానీ అనకుండా ఉండలేకపోయాను.

బంతి పోయాక ఆయన అరుగు మీద కూర్చుని రోడ్డు వినేవాడు. చూసేవాడు కాదు, వినేవాడు. కళ్ళు మూసుకుని చప్పుడును బట్టి ఏ బండో చెప్పేవాడు. "అంబాసిడరు. గుడికి పోతున్నరు. ఎనుక ఐదుగురున్నరు, కమాను పట్టీలు మూలుగుతున్నయ్." నేను చాట పక్కన పెట్టి చూస్తే నిజంగానే ఐదుగురు, ఒడిలో పిల్లలు కాక. కార్లంటే ఆయనకు అంత పిచ్చి. నాకు మాత్రం అవి ఆరేసిన బట్టల మీద దుమ్ము పోసి పోయేవి, అంతే.

ఒకరోజు పొయ్యికి గాలి తగలకుండా అడ్డం పెడదామని పాత నూనె డబ్బాను కోసి మడుస్తున్నాను. రేకు నడుమ ఉబ్బి, రెండు పక్కలా కిందికి వంగింది.

"ఆగాగు," అన్నాడాయన అరుగు మీద నుంచి. "గది ఇటు తే. బానెట్ లెక్క ఒచ్చింది."

"బానెట్ లేదు గీనెట్ లేదు. పొయ్యికి కావాలె."

"జర తేవే."

జబ్బు పడ్డాక ఆయన నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అది. పొయ్యికి రాయి అడ్డం పెట్టుకుని రేకు ఆయనకు ఇచ్చేశాను.

జీపు చేస్తానన్నాడు. ఎంత పొడుగు చెయ్యాలన్న దగ్గరే మొదటి తగువు. ఆయన కుడి చేతిని రేకు మీద ఆనించి, పళ్ళు బిగబట్టి, వేళ్ళు ఎంత తెరుచుకుంటే అంత తెరిచాడు. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా మేకుతో గీత పెట్టమన్నాడు.

"జానెడు. నా జీపు నా జానెడుండాలె."

"ఎడమ చెయ్యి మంచిగుంది గదయ్యా, దాంతోని కొలువు."

"ఎడమ చెయ్యి గేర్లేసింది. బండిని తొవ్వల పెట్టింది గీ చెయ్యే."

ఆ జాన నా నాలుగు వేళ్ళ వెడల్పు కూడా లేదు. రేకు తక్కువ పడుతుందిలే అనుకుని నేను ఇక వాదించలేదు.

చక్రం ఎంత, టాపు ఎంత అన్నది ఆయనకు కంటికి తెలుసు కానీ, అంకెల లెక్క కావాలన్నాడు. ఆకు గోదాము దగ్గర నిలిచి ఉన్న అసలు జీపును కొలిచి రమ్మని నన్ను పంపాడు. మూడో తరగతితో బడి ఆగిపోయిన దాన్ని, టేపు చదవడం నాకు రాదు. బంపరు నుంచి మొదలుపెట్టి బండి పక్కన వంగుతూ జానలు వేసుకుంటూ పోయాను. ఆయన జాగాలో పనిచేస్తున్న కొత్త డ్రైవరు బీడీ పక్కకు తీసి నన్నే చూశాడు.

"ఏంది పెద్దమ్మా, బండికి అంగీ కుట్టిస్తున్నవా?"

"అవ్ బిడ్డా. వానకాలం గదా," అని, కొలత మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి వేశాను. పొడవు పద్దెనిమిది జానలు, చక్రం ఎత్తు నాలుగు. ఇంటికి వచ్చి చెబితే, "గదే అనుకున్న," అన్నాడు. అనుకున్నప్పుడు నన్నెందుకు పంపాలి? ఆ జీపు ఎలా ఉందో ఎవరో ఒకరు చూసి రావాలన్నది అసలు కోరిక. అది నాకు తర్వాత తట్టింది.

కత్తెర నాది, చూపు ఆయనది. రేకును ఎడమ చేత్తో వంచుతుంటే కుడి చెయ్యి అది కదలకుండా అదిమి పట్టేది. ఇరుసులకు సైకిలు పుల్లలు. దీపాలకు చొక్కా బొత్తాలు. ముందు అద్దానికి చొక్కా పెట్టె మీది ప్లాస్టిక్ కాగితం. చక్రాలకు నా హవాయి చెప్పులు అడిగాడు. ఇంకో ఏడాది తొడిగే చెప్పులు అవి. మడమ దగ్గర అరిగిన ముక్క వరకే కోయనిచ్చి, ముందు భాగం దాచుకున్నాను. తరువాతి జీపుకు అదీ పోయింది.

మొదటి జీపు పూర్తయిన రోజు దాన్ని అరుగు అంచున పెట్టి చాలాసేపు చూశాడు. బానెట్ వంకర, ఒక చక్రం నేల మీద ఆనదు. "ముందటి జాలికి గీట్లు ఏడుండాలె, ఆరే పడ్డయ్. ఇంకోటి చేద్దాం," అన్నాడు. చేద్దాం అన్నాడు. చేస్తాను అనలేదు.

అలా నెలకొకటి చొప్పున సాగింది. రెండోదానికి రేకు ఎక్కువ పట్టింది. మూడోదానికి ఇంకా ఎక్కువ.

"ఏందయ్యా, నీ జీపు నెలనెలా బలుస్తుంది. రేకేమన్న చెట్లకు కాస్తుందా? చిన్నగ చెయ్యరాదా?"

"జానంటే జానే. నేనేమన్న ఎక్కువ కోసిన్నా? గీత పెట్టింది నువ్వే గదా."

గీత పెట్టింది నేనే, నిజమే. ఆయన చెయ్యి పెట్టిన చోటే పెట్టాను. అయినా రేకు మాత్రం మిగలడం లేదు. ఇద్దరం ఒట్లు పెట్టుకున్నాం. నన్ను మోసం చేస్తున్నాడనే అనుకున్నాను.

మా ఆయన దోస్తు, ఇసుక లారీ డ్రైవరు ఒకాయన, వారానికోసారి మా అరుగు మీద చాయ తాగి పోయేవాడు. లారీ రిపేరులో మిగిలిన రంగు సీసాలో పోసి తెచ్చింది ఆయనే. తెచ్చినందుకు ఎగతాళి చేసే హక్కు కూడా తీసుకున్నాడు.

"బావా, ఈ జీపుకు బ్రేకు ఏడుంది?"

"బ్రేకు లోపట కూసుని చాయ పెడుతుంది," అన్నాడు మా ఆయన.

"అక్కా, ఇన్నవా?"

"ఇన్న. నీ చాయల చక్కెర కూడ ఆగింది," అన్నాను.

వాళ్ళిద్దరూ నవ్వారు. మూతి వంకర పోయినా ఆయన నవ్వు ఆ రోజు నిండుగా ఉంది. దోస్తు మూడు జీపులనూ పక్కపక్కన పెట్టి, "తాత, తండ్రి, కొడుకు లెక్కున్నయి బావా. ఒక్క రోడ్డు మీద నడిచే బండ్లు కావివి," అన్నాడు.

దసరా వచ్చింది. ఏటా ఆయుధ పూజకు గోదాము దగ్గర జీపు కడిగి నిమ్మకాయలు కట్టేవాడు. ఆ ఏడు పోనన్నాడు. "మన బండ్లకు ఇంట్లనే చెయ్యి," అన్నాడు. అప్పటికి నాలుగు జీపులు. పీట మీద వరుసగా పెట్టి, కుంకుమ తడిపి, ఒక్కో బానెట్ మీద వేలితో బొట్టు పెట్టుకుంటూ పోయాను. మొదటి జీపుకు పెట్టిన బొట్టు బానెట్ మొత్తాన్ని కప్పేసింది. రెండోదానికి కొంచెం చోటు మిగిలింది. నాలుగోదానికి బొట్టు నడుమ చిన్నగా, ముద్దుగా నిలిచింది. నా వేలు అదే, బొట్టు అదే.

పీట ముందు అలాగే కూర్చుండిపోయాను.

"ఏమైందే? కొబ్బరికాయ కొట్టు."

"చెయ్యి ఇటు తే."

"ఎందుకు?"

"తెమ్మన్న గదా!"

ఆయన కుడి చెయ్యి తీసుకుని మొదటి జీపు మీద పెట్టాను. బంపరు దాటి వేలు అవతల పడింది. నాలుగోదాని మీద పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఆయన ఎక్కువ కోయలేదు. నేను గీత తప్పు పెట్టలేదు. జాన పెరిగింది. రోజూ చూసే చెయ్యి కాబట్టి ఇద్దరికీ కనబడలేదు, రేకుకు కనబడింది. నెలనెలా రేకు పోతోందని నేను తిట్టిన తిట్లన్నీ ఆ వేళ్ళు తెరుచుకున్నందుకే.

కొబ్బరికాయ ఆయనే కొట్టాడు, నా చెయ్యి ఆసరాతో. నీళ్ళు సగం నా కొంగు మీద పడ్డాయి.

ఇక నేనే రేకు వెతకడం మొదలుపెట్టాను. వాళ్ళనీ వీళ్ళనీ అడగని దాన్ని, చాయ హోటలు దగ్గర నిలబడి ఖాళీ డబ్బాలు అడిగాను. ఐదో జీపు దసరా జీపు కన్నా వేలెడు పెద్దది. సంక్రాంతి దాటాక ఆరోది అయింది. ఆయన నిద్రపోతున్నప్పుడు మధ్యాహ్నం ఐదోదాని మీద దారం పెట్టి, అదే దారం ఆరోదాని మీద పెట్టాను. సమానం. మళ్ళీ పెట్టాను. సమానమే.

ఆయనకు చెప్పలేదు. రెండు రోజులు పోయాక ఆయనే అడిగాడు.

"కొలిచినవా?"

"కొలిచిన."

"పెరగలే గదా?"

"లేదు."

ఆయన చేతిని మోకాలి మీద పెట్టుకుని చూసుకున్నాడు. మామూలు మనిషి జానకు రెండు వేళ్ళు తక్కువ. "స్టీరింగుకు సరిపోదు," అన్నాడు.

"అన్నం కలుపుకోనీకి?"

వేళ్ళు ఒకసారి ముడిచి తెరిచాడు. "సరిపోతది."

"ఇంకేంది మరి," అన్నాను. గొంతు గట్టిగానే పెట్టాను.

ఆ సాయంత్రం ఆయనే గోదాము దాకా నడిచిపోయి, ఆ కొత్త డ్రైవరునే ఉంచుకోమని కాంట్రాక్టరుకు చెప్పి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని, పప్పన్నం తన చేత్తో కలుపుకున్నాడు. మెతుకులు చాలా కింద పడ్డాయి. ఏరి కోళ్ళకు వేశాను. తిని లేచి, "రేపటి నుంచి అంబాసిడరు," అన్నాడు.

అప్పటిదాకా జీపులే చేశాడు. ఇప్పుడు జాన మారదు, అందుకని ఒక బండికి ఇంకో బండి పొంతన కుదిరింది. జీపు జానెడు. అంబాసిడరు జానా మూడు వేళ్ళు. ఇసుక లారీ రెండు జానల పైచిలుకు. దాన్ని చూసి దోస్తు తన లారీయేనని గుర్తుపట్టి కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆయన ఇంకా పదకొండేళ్ళు బతికాడు, తన చేత్తో తిని, తన చేత్తో కొలిచి. ఇంకొంచెం తెరుచుకుంటే బాగుండేదని నేను ఏ దేవుణ్ణీ అడగలేదు. ఇచ్చినదానికే మొక్కు చెల్లించుకున్నాను.

ఎర్ర బస్సు చేస్తానన్న రోజు ఇంట్లో రేకు లేదు. సగం నూనె ఉన్న డబ్బాను గిన్నెల్లోకి వంపి, కోసి, తుడిచి ఆయన ముందు పరిచాను.

"నూనె ఉండంగనే కోసినవా?" అని నా మొహం చూశాడు.

"కొలువయ్యా."

ఆయన రేకు మీద చెయ్యి ఆనించాడు. ఒకటి. రెండు. మూడు. ఆయన వేలి కొస పక్కన నేను మేకుతో గీత పెట్టాను.