ధనుర్మాసంలో ఆచార్లుగారి స్కూటరు

పెదగరువు కేశవస్వామి గుడి అర్చకుడు లక్ష్మీనరసింహానికి చలికాలమంటే మహా ఇష్టం. ఊళ్లో ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. తెల్లవారకముందే నూతి దగ్గర చేదలకొద్దీ నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, తడిపంచెతో గజగజలాడుతూ పోయే మనిషికి చలేమిటి, ఇష్టమేమిటి? ఆయన లెక్క వేరు. ధనుర్మాసంలో ఆ వేళకి మడి గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లంతా దుప్పట్లో ముడుచుకుని ఉంటారు. దారి మొత్తం తనదీ, దేవుడిదీ. అడ్డొచ్చేది మంచు ఒక్కటే. అదృష్టవశాత్తూ మంచు నోరెత్తదు.

అరవై ఎనిమిది నాటి చలికాలంలో ఆయన చేతికి స్కూటరు కూడా వచ్చింది. గరివిడి ఫ్యాక్టరీ ఇంజినీరు ఒకాయన బదిలీ మీద పోతూ వదిలించుకున్న పాత లాంబ్రెట్టా. షికార్లకని తీసుకోలేదు పాపం. ఊరి పక్కన పారే గెడ్డ అవతల గొల్లపేటలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. అక్కడి అర్చకుడు ఊరొదిలి వెళ్లిపోయాక దాని తలుపులు మూతపడ్డాయి. ఆ పేట పెద్దావిడ అసిరమ్మ ఒకరోజు వచ్చి లక్ష్మీనరసింహం గుమ్మంలో కూలబడింది.

“నెలగంట పెట్టీసినారు బాబూ. అన్ని ఊళ్ల దేవుళ్లూ నిద్దర నెగుస్తన్నారు. మావోడొక్కడే సీకట్లో పడున్నాడు” అంది.

ఆ మాట ఆయనకి సూటిగా తగిలింది. ఆలోచించకుండా సరేననేశాడు. తీరా చూస్తే ధనుర్మాసపు ఆరాధన పొద్దుపొడవక ముందే అయిపోవాలి. ఇక్కడ ముగించుకుని చప్టా మీదుగా నడిచి అక్కడికి చేరేసరికి సూర్యుడు నెత్తికెక్కుతాడు. అందుకని స్కూటరు.

సీటు తోలుదని ఎవరూ వంక పెట్టకుండా తండ్రిగారి నాటి ధావళి దానిమీద పరిచాడు. ఉన్నిగుడ్డకి మైల అంటదని అందరికీ తెలిసిందే. అంతా చూసుకున్నాడు గానీ మొదటివారంలోనే పప్పులో కాలేశాడు. ఇంట్లో మడితో వండిన పొంగలి గిన్నెని ఎక్కడ పెట్టాలో తోచక, ముందున్న ఖాళీలో తన కాళ్ల మధ్య పెట్టుకుని వెళ్లాడు. నైవేద్యం గిన్నె పాదాల దగ్గర! గొల్లపేటలో దిగేదాకా ఆ సంగతి ఆయనకే స్ఫురించలేదు. లెంపలు వాయించుకుని, పొంగలి ఆవులకు పెట్టించి, ఆ పూట స్వామికి బెల్లంముక్కతో సరిపెట్టాడు. రోజంతా మొహం మాడ్చుకునే ఉన్నాడు.

“రేపట్నించి నేను వెనకాల కూర్చుంటాను. గిన్నె నా ఒళ్లో ఉంటుంది” అంది భార్య అలివేలుమంగ.

“ఊరు ఏవంటుందో?”

“అననివ్వండి. దేవుణ్ణి పస్తు పడుకోబెట్టమని మాత్రం అనలేరు కదా.”

ఊరు అననే అంది. ధర్మకర్త జగన్నాధం నాయుడు గుడి అరుగు మీద కూర్చుని అందరికంటే ఎక్కువ అన్నాడు. కాళ్ల దగ్గర గిన్నె కథ ఆయన చెవిలో ఇట్టే పడింది. ఒళ్లో గిన్నె కథ ఎంత చెప్పినా పడలేదు. అసలు నొప్పి వేరేచోట ఉందని లక్ష్మీనరసింహానికి తెలుసు. తమ స్వామిని అలంకరించిన చేతులే వెళ్లి పశువుల కాపర్ల స్వామిని అలంకరించడం నాయుడికి కంటగింపుగా ఉంది. అది పైకి చెప్పుకోలేడు, చెబితే పరువు తక్కువ. అందుకని వంక బండి మీదికీ మడి మీదికీ పోయింది. నిజం దాచుకునేవాళ్లకి మడి ఎంత అక్కరకొస్తుందో ఆ నెలలో లక్ష్మీనరసింహానికి బాగా తెలిసొచ్చింది. ఒళ్లు మండిపోయింది. పేరంటాళ్ల పండగలూ పిండివంటల కబుర్లూ వినబడుతున్నకొద్దీ, ఈ సంబరాలన్నీ ఎవరి దేవుడి కోసంరా అని దారిపొడుగునా తనలో తనే గొణుక్కునేవాడు. చలి తెలియకుండా ఉండడానికి ఆ గొణుగుడు బాగానే పనికొచ్చింది.

భోగినాడు రెండు గుళ్లలోనూ గోదాకల్యాణం. ఇంకా చీకటిగా ఉండగానే భార్యాభర్తలు స్కూటరు మీద కేశవస్వామి గుడి ముందుకొచ్చారు. భోగిమంట దగ్గర చలి కాచుకుంటున్న జగన్నాధం నాయుడు లేచి అడ్డంగా నిలబడ్డాడు. వెనకాల ఊరి పెద్దలు నిలబడ్డారు.

“ఆగండి ఆసార్లుగారూ. ఈ పండగపూట తేల్సీసుకుందాం. ఆ బండి ఇంటికాడ పడీసి నడిసి రండి. గొల్లపేట మాట మరిసిపోండి. అలాగైతేనే కల్యాణం.”

“లేకపోతే?”

“లేకపోతే తాళాలు ఇటిచ్చీండి. తోలుబండి మీద, ఎనకాల ఆడమనిషినెక్కించుకుని నైవేద్యం అట్టుకొచ్చే అర్సకుడు మాకొద్దు.”

అలివేలుమంగ గిన్నెని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. లక్ష్మీనరసింహానికి పళ్లు టకటకా కొట్టుకున్నాయి, చలికి సగం, కోపానికి సగం.

“నాయుడుగారూ, ఉత్సవాల్లో మన స్వామి గరుడవాహనం ఎక్కుతాడు. మీరే భుజం పట్టి మోస్తారు. గరుత్మంతుడు పాముల్ని తినే పక్షి. ఆ వేళ మడి కట్టుకున్నాడో లేదో మీరెన్నడైనా అడిగారా? నా బండి తాగేది పెట్రోలు. నీచు ముట్టదు.”

మంట అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. నాయుడి మొహం జేవురించింది.

“ఎటకారాలొద్దు. తాళాలు!”

లక్ష్మీనరసింహం మొలతాడుకున్న గుత్తి విప్పాడు. ముత్తాత నాటినుంచి తమ ఇంట్లో ఉన్న తాళాలు. ఊహ తెలిసినప్పటినుంచి కేశవస్వామి మొహం చూడకుండా తెల్లారిన రోజు లేదు. అయినా ఈ స్వామికి ఊరంత అండ ఉంది. ఆ స్వామికి తను తప్ప దిక్కులేదు.

“తీసుకోండి. స్వామిని మీరే మేలుకొలపండి. పొద్దుపొడవక ముందే సుమండీ!”

తాళాలు నాయుడి చేతిలో పెట్టి స్కూటరు కిక్కు కొట్టాడు. చలికి మొరాయించింది. మళ్లీ కసిగా కొట్టాడు. లేచింది.

గొల్లపేటలో కల్యాణం సంకల్పం చెబుతుండగా బయట ఆడవాళ్ల గొంతులు వినబడ్డాయి. అడ్డదారిన గెడ్డలో దిగి, తడిసిన కుచ్చెళ్లతో పెదగరువు ఆడవాళ్లు గుంపుగా వస్తున్నారు. ముందు కర్ర పొడుచుకుంటూ నాయుడి తల్లి జగ్గమ్మ, చంకలో పసుపు చీర. కాపరానికొచ్చిన నాటినుంచి ఏ భోగికీ గోదమ్మకి చీర పెట్టడం మానలేదావిడ.

“మావోడు తాళాలట్టుకుని గుడి గుమ్మంలో కూకున్నాడు బాబూ. లోపలికి తానెల్లకూడదు, ఎల్లేవోణ్ని తగిలీసినాడు. మరి నా సీర ఎవులికెట్టాల? గోదమ్మకి పెళ్లి ఎక్కడైతే అక్కడికే వొచ్చీసినాం” అంటూ జగ్గమ్మ వెళ్లి అసిరమ్మ పక్కన నేలమీదే చతికిలబడింది.

కల్యాణం కన్నులపండువగా జరిగింది. రెండూళ్ల ఆడవాళ్లూ కలిసి కూర్చుని ప్రసాదం తిన్నారు. లేవబోయేసరికి జగ్గమ్మ మోకాళ్లు పట్టేశాయి.

“నడవనేను బాబూ. నీ బండి మీద దిగబెట్టీ.”

“తోలుబండమ్మా అది. మీ అబ్బాయి...”

“ఆణ్ని కన్నదాన్ని నాను. ఆడి మడేటో నాకు తెల్దా?”

అలివేలుమంగ నవ్వుతూ ఆవిడని తన చోట కూర్చోబెట్టి, తను ఆడవాళ్లతో నడక సాగించింది.

పెదగరువు చేరేసరికి ఎండ పడింది. మూసి ఉన్న తలుపుల ముందు నాయుడు ఒక్కడే ఉన్నాడు. పెద్దలంతా ఎప్పుడో జారుకున్నారు. స్కూటరు మీద తల్లిని చూసి లేచి నిలబడ్డాడు.

జగ్గమ్మ దిగకుండానే చెయ్యి చాచి తాళాలు తీసుకుంది, లక్ష్మీనరసింహానికి అందించబోయింది. ఆయన పట్టుకోలేదు.

“ఒక్కమాటమ్మా. రేపూ గొల్లపేట వెళ్తాను. ధనుర్మాసం వెళ్లిపోయినా వెళ్తాను. ఈ బండి మీదే వెళ్తాను. అందుకు ఒప్పుకుంటేనే ఇవ్వండి.”

“ఎల్లండి, ఎవులొద్దన్నారు?” అని గుత్తి ఆయన చేతిలో పెట్టి, కొడుకు వైపు తిరిగింది జగ్గమ్మ. “ఇన్నావేట్రా? ఇంత పొద్దెక్కినా సామి ఇంకా నిద్దర నెగనేదు. తలుపులు తీసినాక ఎవులి వల్ల ఆలిస్సమైనాదో ఎదురుగా నిలబడి నువ్వే సెప్పుకో.”