లోటాల్లో పోసిన లిక్యూరు

మా తాడిపత్రిలో ఆ రోజుల్లో తాగేవాళ్ళకు కొదవ లేదు. తాగడం తెలిసినవాడే లేడు. మద్యనిషేధం ఉన్న కాలం అది. నిషేధం అంటే మా ఊరివాళ్ళకు అర్థమైంది ఒక్కటే, తొందరగా తాగాలని. సారాయి అమ్మేవాడు ఒక కన్ను దారి మీద పెట్టి పోస్తాడు. తాగేవాడు రెండు కళ్ళూ మూసుకుని గొంతులోకి విసురుకుంటాడు. మూతి తుడుచుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుని, ఏమీ ఎరగనట్టు నడిచిపోతాడు. రుచి ఎలా ఉందని అడిగితే తన్నేవాళ్ళు. నేనూ ఆ బడిలోనే చదువుకున్నాను. అసలు బడిని ఐదో తరగతిలోనే వదిలేశాను గానీ ఈ బడి ఎగ్గొట్టిన రోజు లేదు.

బస్టాండు పక్కన నాకు గోలీసోడా అంగడి ఉండేది. సోడా, నన్నారి షర్బత్తు, రంగునీళ్ళు అమ్మేవాణ్ణి. రంగునీళ్ళలో నారింజ రసం ఉందని బోర్డు మీద రాయించాను. ఆ బోర్డు మీద బొమ్మ తప్ప నారింజపండు నా అంగట్లో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. మద్రాసు ఎసెన్సు ఒక చుక్క, చక్కెర, రంగు, అంతే. జనం తాగి 'అబ్బా, ఏం పండప్పా' అనేవాళ్ళు. జనం నాలుక మీద నాకున్న కాస్త గౌరవం అలా పోయింది.

ఊళ్ళో ఒక పెద్దమనిషికి రాళ్ళు కోసే ఫ్యాక్టరీ ఉండేది. యాడికి అనే ఊరి వైపు భూములు, నాలుగు లారీలు, వీటన్నిటి పైన రాజకీయం. ఆయన డాక్టరు చేత గుండెజబ్బని రాయించుకుని తాగడానికి పర్మిట్టు సంపాదించాడు. ఆ జబ్బు గుండెతోనే ఎలక్షన్లప్పుడు ఊరూరా తిరిగి, మైకు లేకపోయినా అరవగలిగేవాడు. గోవా మన దేశంలో కలిసిన మరుసటి ఎండాకాలం, అటువైపు నాపరాళ్ళు దించి వచ్చిన ఆయన లారీలో గడ్డి కింద పడుకుని మూడు సీసాలు వచ్చాయి. ఒకటి నారింజది, ఒకటి కాఫీది, ఒకటి సోంపుది. వాటి పేరు లిక్యూరట. అవి ఏమిటో, ఎప్పుడు తాగాలో ఆయనకు తెలియదు. రాళ్ళు కొనే వ్యాపారి ఒకడు బొంబాయి నుంచి వస్తున్నాడు, అతనికి విందులో ఇవి పోస్తే మనమూ నాగరికులమే అనుకుంటాడు, అంతవరకే తెలుసు.

ఆ పని తెలిసినవాడు ఊళ్ళో ఒక ముసలి సాయబు. బళ్ళారిలో దొరల మెస్సులో ఇరవై ఏళ్ళు బట్లరుగా చేశాడు. దొరలు పోయాక మా ఊరు చేరి, పెళ్ళిళ్ళకు వంట చేస్తూ, అల్లుడి పరుపుల అంగట్లో దూది మూటల మధ్య పడుకునేవాడు. పొద్దున లేచేసరికి గడ్డం ఏదో దూది ఏదో తెలిసేది కాదు. దానికి నేనే జోకులు కట్టి ఊరంతా పంచాను. అల్లుడు ఆయన్ని పొమ్మనేవాడు కాదు, కానీ ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేవాడు. పెద్దమనిషి అప్పుడు ఫ్యాక్టరీ పక్కన గెస్టుహౌసు కట్టిస్తున్నాడు. "విందు బాగా జరిగితే ఆడ వంటా వడ్డనా నీదే సాయిబూ. ఉండేదానికి గది గూడా ఇస్తా" అని ముసలాయనకు మాటిచ్చాడు.

విందుకు ముందు రోజు పొద్దున ఆయన నా అంగడికి వచ్చాడు. చేతిసంచిలో మూడు సీసాలు, దూదిలో చుట్టిన చిన్న గాజుగ్లాసులు. ఒక్కో గ్లాసు నా బొటనవేలంత ఉంది, కింద సన్నటి కాడ.

"బేటా, నీ నాలుక నాకు కావాల" అన్నాడు.

"కోసి ఇయ్యాల్నా మామా?"

"కోస్తే ఊరు బాగుపడతాది. కానీ రేపటిదాకా ఉంచు. వీటిల్లో ఏది చెడిందో, ఏది బాగుండాదో రుచి చూసి చెప్పల్ల."

"మరి నువ్వు?"

"నేనా? తోబా. ఒక్క చుక్క గూడా ముట్టినోణ్ణి కాదు."

ఇరవై ఏళ్ళు పోసినవాడు ఒక్క చుక్క ముట్టలేదు. ఆయనకు తెలిసిందంతా వాసనతో, తాగేవాళ్ళ మొహాలు చూసి నేర్చుకున్నదే. ఐదు పూటలా నమాజు చేసే మనిషి నాకు మందు తాగడం నేర్పడం మొదలుపెట్టాడు. ముందు కాస్త నారింజది పోసి ఇచ్చాడు. నేను అలవాటుగా తల వెనక్కి వంచి గొంతులోకి విసిరేశాను.

"ఎట్లుంది?"

"ఏముంది మామా, నా షర్బత్తే. కొంచెం కోపంగా ఉండాది."

ఆయన నన్ను చూసిన చూపు, సన్నికల్లును దొరసాని చూసే చూపు. "నీకు పోసింది తూములో పోసినట్టాయె. ఈసారి కాడ పట్టుకో. గిన్నె పట్టుకుంటే నీ చేతి కాక తగుల్తాది. ముందు వాసన చూడు. ముక్కు లోపలికి దూర్చాకు, దూరం నుంచి చూడు. పెదవి తడుపుకో, అంతే. నాలుక మీద ఉంచి మాట్లాడకుండా కూర్చో. నీకు అదే కష్టం, నాకు తెలుసు."

చెప్పినట్టు చేశాను. ముందు తీపి వచ్చింది. తీపి జరిగి దాని వెనక చేదు వచ్చింది. నారింజ తొక్కను గోటితో గిల్లితే కంట్లోకి చిమ్ముతుందే, ఆ నూనె చేదు. దాని వెనక నెమ్మదిగా, ఛాతీ లోపల ఎవరో పొయ్యి రాజేసినట్టు వెచ్చదనం. ఆ సీసాలో నిజంగా పండు ఉంది. పన్నెండేళ్ళుగా నారింజ పేరుతో బతుకుతున్న నేను నారింజను మొదటిసారి కలిసింది అప్పుడే.

"ఆఁ, ఇప్పుడు తెలిసినట్టుండాది" అన్నాడు ఆయన నా మొహం చూసి.

కాఫీది కూడా అలాగే చూశాను. దానికి ఐసు పెట్టకూడదన్నాడు, పెడితే వాసన ముడుచుకుంటుందట. సోంపుదాంట్లో ఐసు వేస్తే పాలలా తెల్లబడింది. మంత్రం వేశాడేమోనని వెనక్కి జరిగాను. "ఇవి కడుపు నిండినాక, ముద్ద ముగిసినాక, గుక్కెడు. తీపి కదా అని తాగితే ఎప్పుడు కొట్టిందో గూడా తెలీదు. సారాయి ముందే అరుస్తాది, ఇది అరవదు" అన్నాడు. పోయేటప్పుడు సంచి సర్దుకుంటూ, "గది ఇస్తే తలుపు గూడా ఉంటాదంట బేటా, లోపల్నుంచి గొళ్ళెం" అన్నాడు. ఆ గొళ్ళెం మాట అన్నప్పుడు ఆయన మొహం చూసి నేను నవ్వలేకపోయాను.

మరునాడు మధ్యాహ్నం, ఫ్యాక్టరీని ఆనుకుని ఉన్న పెద్దమనిషి ఇంట్లో విందు. గుంతకల్లు నుంచి రంపపుపొట్టులో తెప్పించిన ఐసు, సోడాలు తీసుకుని నేనూ వెళ్ళాను. పెద్దమనిషి, బొంబాయి వ్యాపారి, పెద్దమనిషి ఏమన్నా తలూపే ముగ్గురు. పొట్టేలు కూర, సంగటి, అన్నం అన్నీ అయ్యాయి. ముసలాయన తెల్ల కోటు వేసుకుని, పళ్ళెంలో ఐదు చిన్న గ్లాసులు పెట్టుకుని, ఒక్కో దాంట్లో నారింజది సగానికి పోసి తెచ్చాడు. నడకలో కూడా ఇరవై ఏళ్ళ మెస్సు కనబడింది. బొంబాయి ఆయన గ్లాసు చూసి ఇష్టంగా ముందుకు వంగాడు కూడా.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ గదిలో ఐదుగురు గొప్పవాళ్ళు, వాళ్ళ ముందు ఒక మాట విసిరే అవకాశం. నాలాంటి వెధవకు అంతకంటే కిక్కు ఏముంటుంది?

"ఏం మామా, ఇది తాగేదానికా, కంట్లో ఏసుకునేదానికా?"

తలూపే ముగ్గురూ పడి పడి నవ్వారు. పెద్దమనిషి మొహం నల్లబడింది.

దానికి కారణం ఉంది. మా సీమలో బావి ఎండి మైలు దూరం నుంచి నీళ్ళు మోసుకొచ్చినా సరే, ఇంటికి వచ్చినవాడి చేతికిచ్చే లోటా అంచు దాకా తొణకాలి. సగం లోటా ఇచ్చామంటే మళ్ళీ రావద్దని చెప్పినట్టే. కరువు ఎంత ముదిరితే లోటా అంత నిండుగా ఇస్తాం. బుద్ధి లేకపోయినా పరువు ఉన్న జనం. అలాంటిది పెద్దమనిషి ఇంట్లో, అతిథికి, బొటనవేలంత గ్లాసు, దాంట్లోనూ సగమే!

"ఏం సాయిబూ, నా ఇంట్లో లేక ఇంతే పోస్తాండావా? స్టీలు లోటాలు తే."

"సాబ్, ఇది అట్ల తాగేది కాదు. గుక్కెడే."

"గుక్కెడు పోసే వాడుక మా ఇంట్లో లేదు. నింపు!"

ముసలాయన నా వైపు ఒక్కసారి చూశాడు. లోటాలు తెచ్చి నింపాడు. చుక్క కింద పడలేదు. పాడు పని కూడా అంత శుభ్రంగా చేశాడు.

ఆ తర్వాత వాళ్ళు తాగిన తీరు చెబితే నాకే సిగ్గు. ఒకాయన దాంట్లో నా సోడా పోయించుకున్నాడు. ఇంకొకాయన నిమ్మకాయ పిండుకున్నాడు. మూడో మహానుభావుడు ఉప్పు అడిగాడు. పెద్దమనిషి మూడు సీసాల్లోవీ ఒకే లోటాలో కలిపించుకుని, "అన్నీ ఒకేసారి తెలుస్తాయి గదప్పా" అన్నాడు. తెలిసింది కూడా, కాకపోతే కాస్త ఆలస్యంగా. బొంబాయి ఆయన ఒక గుక్క తాగి చాలని చెయ్యి అడ్డం పెడితే, "మిగిలిస్తే మాకు అవమానం" అని నలుగురూ కలిసి బతిమాలి, గడ్డం పట్టుకుని మరీ లోటా ఖాళీ చేయించారు.

రెండు గంటల ఎండలో రాళ్ళు చూపిద్దామని ఆయన్ని ఫ్యాక్టరీ పెరట్లోకి నడిపించారు. పెద్దమనిషి గోడను కౌగిలించుకుని దానితో రాజకీయం మాట్లాడాడు. బొంబాయి ఆయన అందరికంటే బాగా పాలిషు పెట్టిన రాయి మీద కూర్చుని, దాని మీదే కడుపులో ఉన్నదంతా కక్కాడు. సాయంత్రం రైలుబండి ఎక్కిపోయాడు. ఆర్డరు మాట ఎత్తలేదు.

మరునాడు ఖాళీ సోడాసీసాల కోసం ఫ్యాక్టరీకి వెళితే, పెద్దమనిషి తలకు తడిగుడ్డ చుట్టుకుని ముసలాయన్ని నిలబెట్టి అడుగుతున్నాడు.

"నువ్వేం కలిపినావు దాంట్లో?"

నేనే ముందుకు పోయాను.

"అన్నా, తప్పు నాది. నేను ఎగతాళి చేసినందుకే గదా నువ్వు లోటాలు తెమ్మనింది."

నా జన్మలో చేసిన ఒకే ఒక మంచి పని అది. దానితోనే ఆయన కొంప మునిగింది.

"ఏందీ?" అన్నాడు పెద్దమనిషి, గుడ్డ తీసి పక్కన పెట్టి. "సోడాలోడి మాటకు నేను లోటాలు తెప్పించినానా? అట్ల కనపడతాండానా నీకు? సీసాలే చెడినాయి. ఈ సాయిబు చూసుకోల్యా. పొమ్మను."

నేను నోరు తెరవకపోతే రెండు రోజులు తిట్టి మళ్ళీ పిలిచేవాడేమో. సోడావాడి జోకుకు లొంగిపోయానని ఊరు అనుకోకుండా ఉండాలంటే, తప్పు ముసలాయనదే కావాలి మరి. గెస్టుహౌసు పని పెద్దమనిషి బావమరిదికి పోయింది. సంగటి కెలకడం తప్ప ఏమీ రానివాడు.

దారిలో ముసలాయన వెనక నడిచాను. "మామా, నవ్వులాటకన్నాను" అన్నాను.

"వాళ్ళు నవ్వినారంటే తెలీక నవ్వినారు. ఆ గదిలో దాని రుచి తెలిసినోడివి నువ్వొక్కనివే, బేటా" అన్నాడు.

నెల తిరక్కుండానే ఆయన బళ్ళారిలో ఎవరో కంట్రాక్టరు కూలీలకు వండిపెట్టడానికి బయలుదేరాడు. వందమందికి ఒకే పొయ్యి మీద, పడక ఆ పొయ్యి పక్కనే. రేకుపెట్టెను బస్సు పైకెక్కించి తాడు కట్టింది నేనే. కిందనుంచి చూస్తూ ఆయన అన్నాడు, "గట్టిగా లాగు బేటా. నీ నోటి మాదిరి వదులుగా వదిలేసేవు."

బస్టాండులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, కిందికి దిగకుండా, బస్సు కదిలేదాకా ఆ ముడిని లాగుతూనే ఉన్నాను.